బంతి మోత ఆగితే

"ఆ దెబ్బ మా మధుదే తల్లీ. కాకపోతే ఇప్పటి మధుది కాదు. ఏడేళ్ళప్పటి మధుది."

అప్పయమ్మ ఈ మాట అన్నది పట్టపగలు, వాకిట్లో ఎండ పరుచుకుని ఉండగా, చేతిలో టీ గ్లాసు పట్టుకుని. అయినా కుముదినికి మెడ వెనక వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. రైల్వే పోలీసులో సగం జీవితం గడిపి, పట్టాల మీది శవాలనూ దిక్కులేని పెట్టెలనూ చూసి చూసి మొద్దుబారిపోయాననుకున్న మనిషి ఆవిడ. ఉద్యోగం వదిలి సొంతంగా డిటెక్టివ్ బోర్డు కట్టుకున్నాక వచ్చేవన్నీ పెళ్ళి సంబంధాల వాకబులే. దయ్యం వాకబు మాత్రం ఇదే మొదలు.

"సరిగ్గా చెప్పు పిన్నీ. ఏం విన్నావు?"

"ఏటి వింటాను? బంతి మోత. సాయంత్రం సైరన్ కూసినాక, చీకటడకముందు. అదిగో, ఆ పాత కలబ్బు గోడ కాడ."

"రోజూనా?"

"మా మధు గుంట కనబడకుండా పోయిన మర్నాటి నుంచీ రోజూనే. నాలుగు దెబ్బలు పడతాయి, ఐదోది తప్పిపోద్ది. బంతి ఎక్కడికో దొర్లిపోతాది. ఎతుక్కొచ్చి మల్లా కొడతాది. ఇప్పటి మధు గోడ ముందర నిలబడిందంటే బంతి కింద పడదమ్మా! చిన్నప్పుడు, బ్యాటు కొత్తగా పట్టుకున్నప్పుడు, ఇలాగే కొట్టీది." అప్పయమ్మ గొంతు తగ్గించింది. "వీధిలోవోల్లు ఏటంటన్నారో తెలుసా? అర్ధాంతరంగా పోయినోల్లు చిన్నపిల్లలైపోయి తిరిగొస్తారంట."

ఆ మాట వీధి మొత్తం నమ్మినట్టే ఉంది. భిలాయి ఉక్కు ప్లాంటు పక్కన, కార్మికులుండే క్యాంప్ 1లో ఆ సందులో ఏ గుమ్మం చూసినా వేపమండలే. పొద్దు వాలుతోందంటే చాలు, పిల్లల్ని రెక్క పుచ్చుకుని లోపలికి లాగి తలుపులేసుకుంటున్నారట. బళ్ళో చదువుకున్నవాళ్ళూ, ప్లాంటులో కొలిమి ముందు నిలబడి పనిచేసేవాళ్ళూ కూడా ఆ వేళకి క్లబ్బు వైపు తొంగిచూడటం లేదు.

మధులతకి ఇరవై ఆరేళ్ళు. అమ్మానాన్నలు చిన్నప్పుడే పోతే ఈ మామ్మే పెంచింది. భిలాయిలో టెన్నిస్ అంటే ఆఫీసర్ల పిల్లలు సాయంత్రం పూట తెల్లబట్టలేసుకుని ఆడుకునే ఆట. క్యాంపులో పుట్టిన పిల్లకి దొరికిందల్లా పాత క్లబ్బు గోడా, ఎవరో పారేసిన బ్యాటూ, నూలు ఊడిపోయిన బంతీ. ఆ గోడ ముందునుంచే జాతీయ జూనియర్ పోటీలకు వెళ్ళింది. తర్వాత ఎనిమిదేళ్ళు స్లీపర్ బోగీల్లో బ్యాట్ల సంచీ తలకింద పెట్టుకుని ఊళ్ళు తిరిగింది. ముగ్గురు కలిసి ఒక గది పంచుకుని, ట్యునీషియాలోనూ థాయిలాండ్‌లోనూ చిన్న చిన్న టోర్నమెంట్లు ఆడింది. ఎడంచేత్తో ఆమె కొట్టే సర్వీసు అవతలివాళ్ళకి అందకుండా పక్కకి వంగిపోయేది. దాని పుణ్యాన ప్రపంచ ర్యాంకు మూడొందల దగ్గరికి చేరింది. అక్కడ భుజం దెబ్బతింది. ఆపరేషన్ అయింది. తిరిగొచ్చాక గత నెలలో ఒక మ్యాచ్ మధ్యలో బ్యాటు కిందపెట్టేసి కోర్టులోంచి నడిచి వెళ్ళిపోయింది.

పోయిన ఆదివారం సాయంత్రం ఎవరో ఫోన్ చేస్తే స్కూటీ వేసుకుని బయటికి వెళ్ళింది. సోమవారం తెల్లవారేసరికి ఆ స్కూటీ మరోదా చెరువు గట్టు మీద ఉంది. పక్కన విప్పిన బూట్లు, బ్యాట్ల సంచీ. గజ ఈతగాళ్ళు ఐదు రోజులు వెతికి, శవం దొరక్క నిన్ననే గట్టెక్కారు. ఆటకి పనికిరాకుండా పోయానన్న దిగులుతో దూకేసిందన్నారు పోలీసులు. అప్పయమ్మ కొడుకు సత్యారావు ఎల్లుండి దర్భలతో బొమ్మ చేసి కర్మ జరిపించేస్తానని పంతులికి కబురు కూడా పెట్టాడు.

"నా మనవరాలు బతికుండగా దానికి పిండం పెడతాడంట, ఎదవ!" ముసలావిడ కళ్ళు ఎర్రబడ్డాయి. "బతికున్నాదని నువ్వు ఎల్లుండిలోపల రుజువు చెయ్యి. లేదా, నిజంగా పోయిందని నాతో చెప్పీ. నువ్వు చెప్తే నమ్ముతాను."

"ఆ మోత మధుదేనని నీకెందుకంత నమ్మకం?"

"దానికీ నాకూ ఒప్పందం. చిన్నప్పుడు నాను పొయ్యి కాడ, అది గోడ కాడ. బంతి మోత ఇనబడినంతసేపూ నాను కదల్ను. మోత ఆగిందా, కర్ర పట్టుకుని పరిగెట్టీదాన్ని. నాను బాగున్నాను మామ్మా అని అది నాకు చెప్పడం అది."

"వెళ్ళి చూడలేదా మరి?"

"ఎల్లకేటి? మొదటి రోజే ఎల్లినాను. గేటుకి తాళం. నాను గేటు కాడికి ఎల్లీసరికి మోత ఆగిపోనాది. తిరిగి చూస్తే నా ఎనకాల ఎవుడో. అదిగో, ఆ పాన్ డబ్బా కాడ నిలబడీ మనిషే."

కుముదిని తల తిప్పకుండానే ఓరకంట చూసింది. నీలం చొక్కా. చేతిలో సిగరెట్టు ఉంది కాని వెలిగించలేదు. చూపంతా ఈ గుమ్మం మీదే.

"వెళ్ళేముందు మధు నీతో ఏమైనా అందా?"

"భుజం ఆట వల్ల పాడవలేదు మామ్మా, సూదుల వల్ల పాడైపోనాది అంది. ఢిల్లీలో పెద్దోల్లకి చెప్పీస్తానంది. ఎవులేసినారే సూదులూ అని అడిగీలోపలే ఆ ఫోను వొచ్చీసింది."

పోలీసులు తిరిగిచ్చిన బూట్లు మంచం పక్కన ఉన్నాయి. కుముదిని వాటిని చేతిలోకి తీసుకుని చూసింది. ఎడమ బూటు బొటనవేలి దగ్గర అరిగి, లోపలి గుడ్డ కనబడుతోంది. కుడి బూటూ అక్కడే అరిగింది, కాని ఆ అరుగుదల కొత్తది. రబ్బరు ఇంకా గరుకుగా, తెల్లగా ఉంది. ఎందుకో అది ఆమెకి నచ్చలేదు. నచ్చనివాటిని మనసులో ఒక మూల పడేసి ఉంచుకోవడం ఆమెకి అలవాటు.

*

స్మృతి నగర్‌లో మధులత కోచ్ హరినాథ్ టెన్నిస్ అకాడెమీ పెళ్ళివారి విడిదిలా తళతళలాడుతోంది. కోర్టులో ఒక పదిహేనేళ్ళ పిల్ల ఆడుతోంది. అవతలి వైపు మనిషి లేడు. చక్రాల మీద నిలబడిన ఒక పెట్టె, నోరు తెరిచి, ఒకదాని తర్వాత ఒకటిగా బంతులు ఉమ్ముతోంది. ఒకే ఎత్తు, ఒకే వేగం, ఒకే విరామం.

"బంతుల యంత్రం," అన్నాడు హరినాథ్ చేతిలో రిమోట్ ఊపుతూ. నలభై అయిదు దాటినా నలిగిపోని మనిషి. తండ్రి ప్లాంటులో పెద్ద ఇంజనీరు, ఇతను ఒకప్పటి రాష్ట్ర ఛాంపియన్. "అలసట ఉండదు, అలక ఉండదు. మనుషుల కంటే నయం. కూర్చోండి మేడమ్."

"ఆదివారం సాయంత్రం మధులతకి ఫోన్ చేసింది మీరేనా?"

"నేనే. దాచాల్సింది ఏముంది? అమ్మాయి బాగా కుంగిపోయింది. ధైర్యం చెబుదామని చేశాను."

"ఎక్కడికి రమ్మన్నారు?"

"ఎక్కడికీ రమ్మనలేదు. ఆ సాయంత్రమంతా నేను ఇంట్లోనే ఉన్నాను."

"ఎవరు చూశారు?"

"ఒంటరివాణ్ణి మేడమ్. నా ఇంట్లో నన్ను ఎవరు చూస్తారు?" నవ్వాడు. నవ్వు బాగానే ఉంది, కళ్ళదాకా వెళ్ళలేదు అంతే.

అతని వెనక గోడ నిండా మధులత ఫొటోలు. ఒకదాంట్లో సర్వీసు కొడుతూ గాలిలోకి లేచింది. కుముదిని కళ్ళు ఆమె పాదాల మీద నిలిచాయి.

"ఈ ఎడమ బూటెందుకు చిరిగింది?"

"ఎడంచేతి వాటం కదా. సర్వీసు కొట్టేటప్పుడు వెనకున్న కాలు ఎడమది. దాని బొటనవేలు నేలని రాసుకుంటూ వస్తుంది. కుడిచేతి వాళ్ళకి కుడి బూటు పోతుంది. పాదాలు చూసి చేతివాటం చెప్పేయొచ్చు." పాఠం చెప్పే అవకాశం దొరికిందని హరినాథ్ కాస్త సంబరపడ్డాడు.

"ఆ భుజానికి ఏం మందులు వాడారు?"

"అవన్నీ ఫిజియో చూసుకునేవాడు. విటమిన్లు, అవీ."

"మాత్రలా, సూదులా?"

కోర్టులో పిల్ల 'అబ్బా' అంది. యంత్రం ఉన్నట్టుండి వేగం పెంచి రెండు బంతులు వెంటవెంటనే విసిరింది. హరినాథ్ తన బొటనవేలి వైపు చూసుకుని, రిమోట్ మీంచి మెల్లగా తీసేశాడు. మనిషి ముఖం కదల్లేదు. వేలు మాత్రం కదిలింది. కుముదినికి అది చాలు.

"సూదులంటే అందరూ భయపడతారు," అన్నాడతను తీరిగ్గా. "చూడండి మేడమ్, పోయిన పిల్లని ఇంక పోనిద్దాం. ఆ ముసలావిడ గోడ దగ్గర దయ్యం బంతాట ఆడుతోందంటోందట కదా? పాపం, వయసు. మీలాంటివాళ్ళు ఆవిడ పిచ్చిని ఎగదోయకూడదు."

ఆ 'పాపం' అన్న మాటకి కుముదినికి అరికాలి మంట నెత్తికెక్కింది. నోరారా పిన్నీ అని పిలిచే అప్పయమ్మని ఎవరైనా తేలిక చేస్తే తన సొంత తల్లిని అన్నట్టే ఉంటుంది ఆమెకి.

"పిచ్చి కాదు, అది వాళ్ళ మధ్య ఉన్న ఒప్పందం," అంది కటువుగా. "గోడ దగ్గర మోత వినబడినంతసేపూ పిల్ల క్షేమమని ముసలావిడ ఇంట్లోంచి కదలదు. మోత ఆగితేనే పరిగెత్తుకెళ్తుంది. ఆ లెక్కన సైరన్ మోగాక మీ శిష్యురాలు రోజూ మామ్మకి కబురు పంపుతోంది. మీకు పంపడం లేదా?"

హరినాథ్ నిదానంగా వంగి, కాళ్ళ దగ్గరికి దొర్లుకొచ్చిన బంతిని తీసి అరచేతిలో నొక్కాడు.

"ఎంత ముచ్చటైన ఒప్పందం," అన్నాడు.

గేటు దాటి ఆటో ఎక్కేదాకా ఆ మాట కుముదిని చెవుల్లో అంటుకునే ఉంది. గురి చూసి మాట విసిరి వచ్చానన్న తృప్తి కలగాల్సింది. కలగలేదు.

*

పాత క్లబ్బు ముందు గేటు తాళం మీద సాలెగూడు ఉంది. కుముదిని పక్కనున్న ప్రహరీలో ఇటుకలు రాలిన చోటునుంచి లోపలికి దూరింది. నీలం చొక్కావాడిని మూడు సందులు తిప్పి ఒక చీరల కొట్టు దగ్గర వదిలించుకుని మరీ వచ్చింది.

ఆవరణలో అలికిడి లేదు. పిచ్చుకలు కూడా లేవు. ప్లాంటు పొగ తెచ్చే ఎర్రదుమ్ము నేల మీద, మెట్ల మీద, ఎండిన ఆకుల మీద సన్నగా పరుచుకుని ఉంది. గోడ ఒంటరిగా నిలబడి ఉంది. దాని మీద ఎవరో ఎప్పుడో వలకి గుర్తుగా గీసిన తెల్లగీత ఇంకా మిగిలింది. గోడ నిండా పట్టిన ఎర్రదుమ్ములో గుండ్రటి మచ్చలు, బంతి తగిలి దుమ్ము రాలిన చోట్లు. కొన్ని గీతకి కింద, కొన్ని మరీ పైన. గురి కుదరని చెయ్యి.

ఆమె కిందికి చూసింది.

అవి బూటు గుర్తులు కావు. ఒట్టి పాదాలు. చిన్నవి, సన్నవి. గోడ ముందు అటూ ఇటూ తిరిగాయి. గేటు వైపు నుంచి వచ్చినవి ఒక్కటీ లేవు. గేటు వైపు పోయినవీ లేవు.

కుముదిని లవంగం ఒకటి నోట్లో వేసుకుంది. దయ్యాలకి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయంటారు కదా, ఇవి ముందుకే ఉన్నాయి అని తనకి తాను చెప్పుకుని గొంతుక్కూర్చుంది. సర్వీసు కొట్టిన చోట దుమ్ములో గీతలు, ఒకదాని పక్కన ఒకటి. బొటనవేలు రాసుకుంటూ పోయిన గీతలు. ప్రతి గీత చివరా ఉన్నది కుడి పాదమే.

కుడిచేతి వాటం మనిషి. మధులతది ఎడంచెయ్యి.

అంటే మధు కాదు. వేరే ఎవరో పిల్ల ముసలిదాని ఆశతో ఆడుకుంటోంది. ఎల్లుండి అప్పయమ్మకి ఏం చెప్పాలి? ఆ ఆలోచనతోనే పాదాల వెంట నడిచింది. అవి క్లబ్బు వరండా ఎక్కి, చివరన ఉన్న సామాన్ల గది తలుపు దగ్గర ఆగాయి. తాళం వేసే ఉంది. కాని గొళ్ళెం ఉన్న చెక్క పుచ్చి, మేకులు వదులై ఉన్నాయి. లాగితే తాళంతో సహా ఊడొస్తుంది. చెయ్యి చాచింది.

తలుపు అవతల ఎవరో ఊపిరి బిగబట్టారు. విన్నదో, ఊహించుకుందో ఆమెకే తెలియలేదు.

"క్యా బాత్ హై కుముదినీ! దయ్యాల్ని అరెస్టు చేస్తున్నావా ఏంటి?"

కుముదిని చెయ్యి వెనక్కి తీసుకుని, కొంగు దులుపుకుంటున్నట్టు నటిస్తూ తిరిగింది. వెనక గేటులోంచి రాజాబాబు వస్తున్నాడు. ఒకప్పుడు రైల్వే పోలీసులో ఆమెకి పై అధికారి. ఇప్పుడు రాయపూర్‌లో ఏసీ ఆఫీసు పెట్టిన డిటెక్టివ్. ఆమె పట్టుకున్న దొంగల్ని తన పేర రాసుకుని పతకాలు తెచ్చుకున్న మహానుభావుడు.

"మీ నీలం చొక్కావాడు దారి తప్పాడు సార్. చీరల కొట్లో ఉంటాడు, వెళ్ళి తెచ్చుకోండి," అంది, అతన్ని గది వైపు రానివ్వకుండా మెట్లు దిగుతూ.

రాజాబాబు ఆగాడు. "మావాడని నీకెవరు చెప్పారు?"

"కాపలాకి పెట్టినవాడికి సిగరెట్టు వెలిగించొద్దని నేర్పేది మన డిపార్ట్‌మెంటులో మీరొక్కరే. మీ క్లయింటు హరినాథేనా?"

"క్లయింటు పేరు చెప్పకూడదు. నీకు తెలుసు."

"చెప్పకండి. ఒక్కటి చెప్పండి చాలు. ఆ పిల్ల చచ్చిపోయిందని మీ క్లయింటు ఊరంతా చాటుతున్నాడు. మరి చచ్చిపోయిన పిల్ల ఇంటికి రాత్రీ పగలూ కాపలా ఎందుకు? ఎవరు వస్తారని?"

రాజాబాబు జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "సెంటిమెంటు... ముసలావిడ ఏమైనా చేసుకుంటుందేమో అని..."

"ఆవిడ క్షేమం కోరేవాడు ఇంట్లో మనిషిని పెడతాడు. పాన్ డబ్బా దగ్గర పెట్టడు. మధు ఇల్లు చేరకుండా కాపలా కాస్తున్నారు మీరు. మీకే తెలియకుండా."

"ఛోడ్, వదిలెయ్! ఫైలు బంద్ అయింది. చెరువులో పడింది, కథ అయిపోయింది. ఆడవాళ్ళకి ప్రతిచోటా కథలే." మాట గట్టిగానే వచ్చింది కాని, అతని ముఖం ముడుచుకుంది. ఎన్ని పతకాలు దొంగిలించినా అతనూ ఒకప్పుడు పోలీసే. విసుగ్గా వాచీ చూసుకుని వెనక గేటు వైపు తిరిగాడు. "పోతున్నా. సైరన్ అయితే నా బండి ఇక్కడే ఇరుక్కుంటుంది. దిక్కుమాలిన సందు."

నిజమే. క్లబ్బు వెనక సందులోనే కారు పడుతుంది. ఆ సందు ప్లాంటు రైలు లైను గేటు దాటితేగాని రోడ్డెక్కదు. సాయంత్రం సైరన్ మోగగానే ఆ గేటు పడుతుంది, కొలిమిలోంచి వచ్చే నిప్పుల చిట్టెం, స్లాగు, మోసుకెళ్ళే రైలుబండి నెమ్మదిగా దాటేదాకా లేవదు. క్యాంపులో పెరిగినవాడెవడూ ఆ వేళప్పుడు బండిని అటు తిప్పడు. రాజాబాబుకి అది ఈ వారంలోనే తెలిసొచ్చినట్టుంది.

అతను కారెక్కి పోయేదాకా కుముదిని సందులోనే నిలబడింది. తిరిగి లోపలికి వెళ్ళి తలుపు లాగాలనిపించింది. కాని అతను మలుపులో ఆగి చూస్తాడేమోనన్న అనుమానం వెనక్కి లాగింది. చీకటి పడ్డాక ఒంటరిగా రావచ్చులే అనుకుంది.

*

అప్పయమ్మ కంచంలో అన్నం పెట్టి, చేపల పులుసు పోసింది. వద్దంటే వినే మనిషి కాదు. కుముదిని ఫోన్‌లో ఫిజియో పేరు వెతుకుతూ, పరధ్యానంగా ఎడంచెయ్యి కంచంలో పెట్టబోయింది. చెయ్యి మీద చురుక్కున ఒక దెబ్బ పడింది.

"ఆ చేత్తోనా అన్నం ముట్టుకుంటావు! మా మధు కూడా ఇలాగే చేసీది. ఎంత కొట్టినా మానీది కాదు. ఆఖరికి దాని ఎడంచెయ్యి తువ్వాలుతో నడుముకి కట్టీసి కూకోబెట్టీదాన్ని. తిండీ, రాతా, ముగ్గూ అన్నీ కుడిచేత్తోనే నేర్పినాను. ఒక్క బ్యాటే వొదిలీసినాను. బ్యాటుతో అన్నం తినం కదా అని."

కుముదిని ఫోన్ పక్కన పడేసింది.

"పిన్నీ, మళ్ళీ చెప్పు. మధు కుడిచేత్తో రాస్తుందా?"

"ముత్యాల్లాగ రాస్తాది. ఎందుకలా చూస్తన్నావు?"

కుముదిని పరుగున వెళ్ళి కుడి బూటు తీసుకొచ్చింది. కొత్తగా అరిగిన బొటనవేలు. దుమ్ములో కుడి పాదం గీతలు. తప్పిపోయే ఐదో దెబ్బ. ఏడేళ్ళ పిల్ల ఆట. నవ్వాలో ఏడవాలో ఆమెకి తెలియలేదు. రెండూ ఒకేసారి వచ్చాయి.

"అది దయ్యం కాదు పిన్నీ. చిన్నపిల్లా కాదు. ఎడమ భుజం ఇంక పనికిరాదని తెలిసి, మధు కుడిచేత్తో ఆట మొదటినుంచీ నేర్చుకుంటోంది! కనబడకుండా పోకముందునుంచే నేర్చుకుంటోంది. నువ్వు తువ్వాలు కట్టి నేర్పిన చెయ్యే అది. నీ మనవరాలు బతికే ఉంది. ఆ క్లబ్బు గదిలోనే ఉంది. సూదుల గుట్టు బయటపడకుండా హరినాథ్ చెరువు దగ్గర చంపబోతే తప్పించుకుని ఉంటుంది. పాన్ డబ్బా దగ్గరి మనిషిని చూసి ఇంటికి రాలేక, బాగున్నానని బంతితో చెబుతోంది."

అప్పయమ్మ గరిటె కింద పెట్టింది. తన కుడి అరచేతిని ఒళ్ళో పెట్టుకుని, దాన్నే చూసుకుంటూ ఉండిపోయింది. ఆవిడ చెంపల మీదుగా కన్నీళ్ళు జారుతుంటే తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు.

అప్పుడే ప్లాంటు సైరన్ మోగింది. వీధిలో తలుపులు ఒకటొకటిగా మూసుకున్నాయి. సైరన్ ఆగాక ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత మొదలైంది.

ఠప్.

అప్పయమ్మ ముఖం వెలిగింది. కుముదిని ఆవిడ చెయ్యి పట్టుకుంది.

ఠప్. ఠప్. ఠప్. ఠప్.

ఐదోది తప్పలేదు. ఆరోదీ తప్పలేదు. పది పడ్డాయి, ఇరవై పడ్డాయి. ఒకే బలం, ఒకే విరామం. ముసలావిడ ముఖంలో వెలుగు మెల్లగా ఆరిపోయింది.

"తల్లీ..." అంది. "రెండు మోతలుండాల. గోడ మోతా, బ్యాటు మోతా. బ్యాటు మోత లేదు. గోడ మోతే ఇనబడతన్నాది. అక్కడ మనిషి లేదు."

నోరు తెరిచి బంతులు ఉమ్మే పెట్టె కుముదిని కళ్ళముందు మెదిలింది. దాని వెనకే తన మాటలు తనకే వినబడ్డాయి. *మోత వినబడినంతసేపూ ముసలావిడ ఇంట్లోంచి కదలదు.* గుట్టంతా తన చేతులతో మూటకట్టి, వాడి ఒళ్ళో పెట్టి వచ్చింది తనే. దుఃఖమూ కోపమూ ముంచుకొచ్చాయి కాని, వాటికిప్పుడు వేళ లేదు. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది. వెనక అప్పయమ్మ కర్ర చప్పుడు.

ప్రహరీ సందులోంచి దూరేసరికి గోడ ముందు యంత్రం ఒక్కటే ఉంది. చక్రాల మీద నిలబడి, అలసట లేకుండా, గోడకేసి బంతులు కొడుతూనే ఉంది. బంతులు ఆవరణంతా దొర్లుతున్నాయి. సామాన్ల గది గొళ్ళెం ఊడి కింద పడి ఉంది. లోపల ఒక చాప, నీళ్ళ సీసా, విరిగిన బ్యాటు. మనిషి లేదు. గుమ్మం నుంచి వెనక గేటుదాకా ఎర్రదుమ్ములో రెండు మడమలు ఈడ్చుకుపోయిన చారలు.

పెట్టెలో బంతులు అయిపోయాయి. యంత్రం ఒట్టిగా ఒకసారి గుర్రుమని ఆగింది.

ఆ నిశ్శబ్దంలో, గోడకి అవతలినుంచి, సన్నగా వినబడింది. రేకు మీద కొడుతున్న చప్పుడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆగింది. తడబడింది. మళ్ళీ మొదలైంది.

గోడ పట్టుకుని ఆయాసపడుతున్న అప్పయమ్మ తలెత్తింది. "అదే! అదే మా మధు!"

కుముదిని వెనక గేటు తోసుకుని సందులోకి వచ్చింది. ముందర ప్లాంటు లైను గేటు పడి ఉంది. దాని అవతల స్లాగు బండి, కడుపులో ఎర్రటి వెలుగుతో, తీరుబడిగా కదులుతోంది. గేటుకి మూతి ఆనించి ఒక తెల్లకారు ఆగి ఉంది. చప్పుడు దాని డిక్కీలోంచి వస్తోంది. స్టీరింగు ముందు హరినాథ్. సైరన్ సంగతి తెలియని స్మృతి నగర్ మనిషి.

అతను అద్దంలో ఆమెని చూశాడు. ఇద్దరి చూపులూ కలిశాయి.

సందుకి రెండు వైపులా గోడలే. పక్కకి తప్పుకుందామంటే మనిషి పట్టే చోటు లేదు. వెనక అప్పయమ్మ కర్ర ఊతంతో అప్పుడే గేటులోంచి బయటికి వస్తోంది. డిక్కీలో ఆ కుడిచెయ్యి మళ్ళీ నాలుగు దెబ్బలు కొట్టింది.

ఐదో దెబ్బ పడకముందే కారు వెనక తెల్లదీపాలు వెలిగాయి. కారు వేగంగా వెనక్కి రాసాగింది.